ఇతరుల కొలతకు కుట్టిన మందు

కాలేయపు కాన్సరునకు క్రొత్తచికిత్స యొకటి సిద్ధమగుచున్నదని కొంతకాలముగా వార్తలు వినవచ్చుచున్నవి. రోగి నెత్తుటిలోని తెల్లకణములనే వెలికిదీసి, జన్యుమార్గమున వానికి శత్రువును గుర్తింపగల క్రొత్తచూపు నొసగి, తిరిగి శరీరములోనికి పంపుట యీ చికిత్సాక్రమము. శాస్త్రజ్ఞులు దీనిని టి-కణగ్రాహక జన్యుచికిత్స యనుచున్నారు. సింగపూరు, చైనా, జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశములందు దీనిపై పరిశోధనలు జరిగినవి. ఈ వార్తలలో అబద్ధము లేదు. అయినను వానిని మోసికొనివచ్చువారు సగము చెప్పి సగము విడుచుచున్నారు. విడిచిన సగమునందే మన దేశీయులు ముఖ్యముగా తెలిసికొనదగిన సంగతి యున్నది గనుక దానిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయ సంకల్పించితిమి.

వ్యాధి యెంత భయంకరమైనదో ముందు చూతము. 2022లో ప్రపంచమున సుమారు 8 లక్షల 66 వేలమందికి కాలేయపు కాన్సరు క్రొత్తగా కనబడెననియు, అదే సంవత్సరమున సుమారు 7 లక్షల 58 వేలమంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ లెక్కకట్టినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కను పెట్టి చూచినవారికి వేరే వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు. కాలేయము నోరులేని యవయవము. అది బాధ తెలుపునప్పటికి లోపల గడ్డ పెరిగియే యుండును. కోసి తీయుటకు గాని, కాలేయమును మార్చుటకు గాని వీలుండు రోగులు కొలదిమందియే. తక్కినవారికి 2007 వరకు ఆయువును పొడిగించు మందే లేకుండెను. ఆ యేడు సొరాఫెనిబ్ వచ్చినది. 2020లో అటెజొలిజుమాబ్, బెవసిజుమాబ్ అను రెండు మందులను కలిపి యిచ్చిన పిమ్మట, రోగులలో సగముమంది జీవించియుండు కాలము 13 నెలలనుండి 19 నెలలకు పెరిగినది. ఆరుమాసములు! ఆ యారుమాసములలో కూతురి పెండ్లి చేయవచ్చును, భూమిపత్రములు చక్కబెట్టుకొనవచ్చును. దానిని చులకన చేయుట మాకిష్టము లేదు. అంతకుమించినది కావలెనని రోగియు వైద్యుడును కోరుటలో తప్పును లేదు.

ఈ వ్యాధికి మూలములు పెక్కులు. మద్యపానమొకటి, కాలేయమున కొవ్వు పేరుకొనుట యింకొకటి. తడిసిన వేరుసెనగకాయలను, మొక్కజొన్నను ఆరబెట్టక నిలువచేసినపుడు పట్టు బూజునుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము మరియొకటి. (ఈ విషమును గూర్చి మన పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయమువారు చిరకాలముగా పనిచేయుచున్నారు. వేరుసెనగ పండించు మన రైతులలో ఎందరికి ఆ సంగతి తెలియునో!) కాని యన్నిటికంటె పెద్ద మూలము హెపటైటిస్-బి అను వైరస్. 2022 నాటికి లోకమున 25 కోట్ల 40 లక్షలమంది దీనిని దేహమున మోయుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ తెల్పినది. అందు 2 కోట్ల 98 లక్షలమంది భారతీయులు. పెక్కుమందికి తమలో నది యున్నట్లే తెలియదు. తల్లినుండి బిడ్డకు పురిటిలోనే యంటి, ముప్పది నలువది యేండ్లు చడిచప్పుడు లేక కూర్చుండి, పిదప కాన్సరుగా బయల్పడు శత్రువిది.

ఇక చికిత్స సంగతి. మన దేహమందలి ప్రతికణమును తనలోపల తయారగు మాంసకృత్తుల తునకలను కొన్నింటిని వెలుపలిపొరమీద నొక తట్టలో పెట్టి చూపుచుండును. టి-కణము ఊరి తలారివలె తిరుగుచు ఆ తట్టలను పరీక్షించును. ఇంటివారి సరుకైనచో సాగిపోవును; దొంగసరుకు కనబడినచో ఆ కణమును చంపును. తలారి కన్నే గ్రాహకము. తట్టకు హెచ్.ఎల్.ఏ. యని పేరు. ఈ తట్ట మనుష్యులందరికి నొక్కటి కాదు. తలిదండ్రులనుండి సంక్రమించు రకములు వేలకొలది కలవు. తలారి కన్ను సరుకును మాత్రమే చూచి తృప్తిపడదు, తట్టయు తనకు పరిచితమైనదిగా నుండవలెను. ఈ రహస్యమును 1974లో ఆస్ట్రేలియాలోని కాన్బెరాలో డోహర్టీ, జింకర్‌నాగెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు కనుగొనిరి; 1996లో వారికి నోబెల్ బహుమానము లభించినది. పాఠకులు ఈ తట్టమాటను జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. మేము చెప్పదలచిన దంతయు తుదకు దానిమీదనే వచ్చి నిలుచును.

హెపటైటిస్-బి వైరస్ తన జన్యుసామగ్రిలో కొంతభాగమును కాలేయకణపు జన్యువులలోనే అతికించి పోవును. ఆ కణము కాన్సరుగా మారినపుడు ఆ తునకలు కూడ వెంటవచ్చును. అనగా దొంగ తాను దోచిన యింటిలో తన గుర్తును విడిచిపోయినట్లే. వ్యాధిని ఏండ్లతరబడి మోసిన రోగి టి-కణములు ఆ గుర్తును చూచిచూచి యలసిపోయి యుండును, లేదా వానిని పట్టుకొనువే మిగిలియుండవు. కాని యదే వైరస్‌ను కొలదివారములలో జయించి బయటపడినవారు కలరు. వారి టి-కణముల చూపు తీక్ష్ణమైనది. అట్టివారి కణమునుండి గ్రాహకజన్యువును గ్రహించి, రోగి కణములలో ప్రవేశపెట్టినచో నేమగును? ఈ ప్రశ్నను చేపట్టినవారిలో సింగపూరునందలి ఆంటోనియో బెర్టొలెట్టి ముఖ్యుడు.

ఆయనయు లండనునందలి శాస్త్రజ్ఞులును కలసి చికిత్సచేసిన యొక రోగి వృత్తాంతము 2015లో ప్రకటితమైనది. రోగికి కాలేయమార్పిడి జరిగియుండెను; కాని పాత కాలేయపు కాన్సరు దేహమున నితరస్థానములకు వ్యాపించియుండెను. అట్టివానిని ఎన్నుకొనుటలో గొప్ప వివేకము కలదు. క్రొత్తకాలేయము దాతది, దాని తట్టలు వేరు. కనుక వైరస్‌ను వెదకు కణములు కాన్సరుగడ్డలమీదికి పోవునేగాని మంచికాలేయమును ముట్టవు. ఫలితమేమి? నెత్తుటిలో వైరస్ మాంసకృత్తు తగ్గినది. కాలేయమునకు హాని కలుగలేదు. కాని గడ్డలు తగ్గలేదు. 2019లో వెల్లడియైన మరి యిరువురు రోగులలో నొకరికి ఊపిరితిత్తులలోని ఆరు గడ్డలకు అయిదు ఒక సంవత్సరకాలములో పరిమాణమున తగ్గినవి. ఈ యిరువురికి జన్యువును శాశ్వతముగా నతికింపక, కొలదిదినములే నిలుచు సందేశరూపమగు ఆర్.ఎన్.ఏ.ను మాత్రము కణములలో పెట్టిరి. దినకూలికి పెట్టిన కావలివానివంటిది. తప్పుచేసినచో మఱునాడు పనిలో నుండడు. గడువు తీరగానే క్రొత్తకణములను మరల నీయవలసివచ్చును గనుక శ్రమ మిక్కిలి, ప్రమాదము తక్కువ. 2021లో ప్రకటితమైన చైనాపరీక్షలో ఎనిమిదిమందికి ఇట్టి కణముల నిచ్చిరి. వారిలో నొకరికి గడ్డ కుంచించి, ఆ స్థితి రెండేండ్లకు పైగా నిలిచినది. వీనిని చూచి "కాన్సరును జయించితిమి" అని చాటువారి మాట నమ్మదగదు. ఒకరు, ఇరువురు, ఎనిమిదిమంది — ఇవి దారి యున్నదని చూపు సంఖ్యలు. ఊరు చేరితిమని చెప్పు సంఖ్యలు కావు.

వైరస్‌తో నిమిత్తము లేని మార్గమొకటి కూడ ప్రయత్నింపబడినది. పిండదశలో కాలేయము పుట్టించు ఆల్ఫా-ఫీటోప్రోటీన్ అను మాంసకృత్తు పెద్దలలో మిక్కిలి తక్కువగా నుండి, కాన్సరు వచ్చినపుడు మరల పెరుగును. దానిని గుర్తించు గ్రాహకముతో అడాప్టిమ్యూన్ అను కంపెనీ పరీక్షలు జరిపినది. ఒక రోగికి గడ్డ పూర్తిగా కనుమరుగైనదని ప్రకటించిరి. పెక్కుమందికి అట్టి భాగ్యము కలుగలేదు.

ప్రమాదమును గూర్చి చెప్పక దాటిపోవుట పాపము. అమెరికాలో మేజ్-ఏ3 అను వేరొక కాన్సరుగుర్తును పట్టుటకై పదునుపెట్టిన గ్రాహకముగల కణముల నొసగిన యిరువురు రోగులు కొలదిదినములలోనే గుండె చెడి మరణించినట్లు 2013లో వెల్లడియైనది. ఆ గ్రాహకము గుండెకండరమందలి టైటిన్ అను మాంసకృత్తుతునకను శత్రువుగా భ్రమించినది. ముందుజాగ్రత్త పరీక్షలు చేయకపోలేదు. సామాన్యమైన కణములమీద ఈ దోషము బయటపడలేదు. పాత్రలో పెంచిన, కొట్టుకొనుచున్న గుండెకణములమీద ప్రయోగించినపుడే నిజము తెలిసినది. ఇక కాలేయరోగి విషయములో మరియొక చిక్కు కలదు. మార్పిడి జరుగనివాని కాలేయమున కాన్సరు కాని కణములందును వైరస్ ఉండును. క్రొత్తకణములు వానిని కూడ చంపినచో, ముందే గట్టిపడి సగము చచ్చిన కాలేయము ఆ దెబ్బకు తాళునా? అందుచేతనే పరిశోధకులు మోతాదును మెట్టుమెట్టుగా పెంచుచు నడచుచున్నారు. తొందరపడువారిచేతిలో నిది పెట్టదగిన యాయుధము కాదు.

ఇప్పుడు తట్టమాటకు వత్తము. 2024 ఆగస్టులో అమెరికాప్రభుత్వము టెసెల్రా యను మందునకు అనుమతి నొసగినది. గట్టిగడ్డల కాన్సరులకు గ్రాహకజన్యుచికిత్సలలో అనుమతిని పొందిన మొదటిది యిదియే. ఇది కాలేయమునకు గాక, కీళ్లదగ్గరి మెత్తనిధాతువులలో పుట్టు అరుదైన యొక కాన్సరునకు ఉద్దేశింపబడినది. వెల 7 లక్షల 27 వేల డాలర్లు, అనగా ఆనాటి మన రూపాయలలో ఆరుకోట్లకు పైమాట. వెలకంటె దాని షరతు మాకు ముఖ్యముగా తోచినది. హెచ్.ఎల్.ఏ. రకములలో ఏ-02 వర్గమందలి 01, 02, 03, 06 అను ఉపరకములలో నొకటి గలవారికే ఆ మందు పనికివచ్చును. తక్కినవారు ఆరుకోట్లు రొక్కముగా లెక్కించి యిచ్చినను వారికది మందు కాదు, ఉట్టినీరే.

ఏ-02 వర్గములో 01 అను రకము ఐరోపాసంతతివారిలో విరివిగా నుండును. గ్రాహకములపై పరిశోధన చేసినవారు తొలుత దానినే యెన్నుకొనిరి. ఆల్ఫా-ఫీటోప్రోటీన్ గ్రాహకమును ఆ కొలతకే కుట్టిరి. తమ ప్రజలకు విస్తారముగా నుపయోగపడు దానిని వారు ముందుచేయుట సహజము, వారిని నిందించుటకు మాకేమి హక్కు? సింగపూరు, చైనాలవారు తమ ప్రజల రకములను తాము చూచుకొనుచున్నారు. మన సంగతి యేమి? భారతీయులలో ఏ-02 వర్గము గలవారిని పరిశీలించినచో, అందు 11 అను ఉపరకము మెండుగా కనబడుచున్నదని మన శాస్త్రజ్ఞులే వెనుకటి దశాబ్దములలో చూపిరి. పైని చెప్పిన మందు షరతులో ఆ పదునొకండు లేదు. ఇది గాక ఏ-11, ఏ-24, ఏ-33 వర్గములవారు మనలో బహుసంఖ్యాకులు. వైరస్‌లో సైతము భేదము కలదు: తూర్పుఆసియాలో బి, సి జాతులు ప్రబలములు కాగా మన దేశమున డి జాతి హెచ్చు. తట్టయు వేరు, తట్టలోని సరుకును కొంత వేరు. అట్టియెడ సింగపూరు కొలతకు కుట్టిన చొక్కా మన కొంగున ముడివేసికొనుటకు తప్ప తొడిగికొనుటకు పనికిరాదు.

పరదేశపు మందులను గూర్చి మనవారు చేయు ఫిర్యాదు సాధారణముగా వెలను గూర్చియే. పేటెంటు గడువు తీరువరకు ఓపికపట్టినచో, అదే గుళికను మన కంపెనీలు పదవవంతు వెలకు చేసి యిచ్చుచున్నవి. ఎయిడ్సు మందుల విషయమున ఆఫ్రికాఖండమంతయు మన ఫ్యాక్టరీలవంక చూచినది. అందుచేత మనలో నొక నిశ్చింత యేర్పడినది: వారు కనిపెట్టుదురుగాక, మనము చౌకగా చేసికొందము! ఈ చికిత్సయెడ ఆ నిశ్చింత పనిచేయదు. గ్రాహకమును నకలు తీసి చౌకగా చేసినను, అది మన తట్టకు అమరనిచో ఏమి లాభము? ఇతరుల శ్రమఫలమును నకలుచేసికొని జీవింపవీలులేని విద్యలలో నిదియొకటి. మన రోగులనుండి, మన దేశమున ఈ వైరస్‌ను జయించి లేచినవారినుండి, మన ప్రయోగశాలలలో గ్రాహకములను వెదకి తీయవలసినదే. వేరొకరు మనకొరకు చేయరు. చేయుటకు వారికి కారణమును లేదు.

ఇది మనవలన నగునా యని శంకించువారికి రెండు సమాధానములు గలవు. రక్తకాన్సరులకై నెక్స్‌కార్-19 అను స్వదేశీ కణచికిత్సను బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక వైద్యశాల కలసి రూపొందింపగా 2023 అక్టోబరులో దానికి మన ప్రభుత్వము అనుమతి నిచ్చినది. 2024 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రపతి దానిని ప్రారంభించిరి. దాని వెల విదేశపు వెలలో సుమారు పదవవంతు. గ్రాహకచికిత్స వేరువిద్యయే యైనను, కణములను తీసి, జన్యువు నతికించి, పెంచి, శుద్ధిచేసి మరల నిచ్చు పనిముట్లును పనివారును రెంటికి నొక్కరే. రెండవ సమాధానము మన హైదరాబాదునుండియే వచ్చినది. హెపటైటిస్-బి టీకా విదేశములనుండి దిగుమతియై వందల రూపాయలు పలుకు దినములలో, వైద్యుడు గాని జీవశాస్త్రజ్ఞుడు గాని కాని ఇంజనీరు వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించి, 1997లో జన్యువిద్యతో తయారైన స్వదేశీటీకాను మోతాదు 50 రూపాయలకు విపణిలోనికి తెచ్చెను. టీకా వెల దేశమంతటను దిగివచ్చినది. 2009లో ఆ సంస్థ ఫ్రెంచికంపెనీ సనోఫీ హస్తగతమగుట మాకు సంతోషమును కూర్చిన విషయము కాదు, అది వేరుకథ.

టీకామాట వచ్చినది గనుక ఒక గట్టి యాక్షేపణను ఎదుర్కొనవలసియున్నది. పుట్టిన 24 గంటలలో బిడ్డకు ఒక సూది వేసినచో ఈ రోగము రానేరాదు గదా, కోట్లు పోసి జన్యువులను కుట్టుటేల, అని విజ్ఞులు కొందరు అడుగుదురు. వారి మాటలో సత్యము పాలెక్కువ. తైవాను 1984లో శిశువులకు ఈ టీకాను ప్రారంభించినది. 6 మొదలు 14 ఏండ్లలోపు బాలబాలికలలో కాలేయకాన్సరు లక్షకు 0.70 నుండి 0.36కు, అనగా సగమునకు, పదియేండ్లలో పడిపోయినది. కాన్సరును టీకాతో నాపవచ్చునని లోకమునకు తొలిసారి రుజువైనది అప్పుడే. మన దేశమున 2002లో కొన్నిచోట్ల మొదలైన యీ టీకా 2011 నాటికి గాని అన్నిరాష్ట్రములకు వ్యాపింపలేదు. నేటికిని ఇంటిపురుళ్లలోను, సెలవుదినమున పుట్టిన శిశువులయెడను మొదటిదినపు సూది తప్పిపోవుచున్నది. రూపాయలలో లెక్కించు సూదిని సకాలమున వేయజాలని ప్రభుత్వము లక్షలలో లెక్కించు చికిత్సను గూర్చి గొప్పలు పలుకుట శోభింపదు. మొదటి రూపాయి మొదటిదినపు సూదికే చెందవలెనని మేమును ఒప్పుకొందుము.

అయితే, టీకా రేపు పుట్టువారిని రక్షించును. ఇప్పటికే వైరస్‌ను మోయుచున్న 2 కోట్ల 98 లక్షలమందికి టీకా చేయునది యేమియు లేదు. వారికి మాత్రలు కలవు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయపథకము క్రింద పరీక్షయు మందును ఉచితము. వానిని వాడినచో కాన్సరుభయము తగ్గును, పూర్తిగా పోదు. వీరిలో కొందరు రాబోవు ముప్పదియేండ్లలో ఈ వ్యాధివాత పడుదురు. టీకా రాకమునుపు పుట్టుటయే వారు చేసిన నేరము. వారిని లెక్కలోనుండి కొట్టివేసి, "నివారణయే మేలు" అని కూర్చుండుట మాకు ధర్మముగా తోచుటలేదు. నివారణను గూర్చి ఉపన్యసించువారు సైతము, తమ యింటిలో నొకరికి ఆ గడ్డ కనబడిననాడు చికిత్సకై సింగపూరునకు విమానమెక్కుట మేమెరుగనిది కాదు.

కావున కేంద్రప్రభుత్వమును, వైద్యపరిశోధనమండలిని మేము కోరున దిది. దేశమందలి భిన్నప్రాంతముల, భిన్నకులముల, గిరిజనుల హెచ్.ఎల్.ఏ. రకములను తగిన సంఖ్యలో పరీక్షించి, పేర్లు బయటపెట్టక, ఆ పట్టికలను పరిశోధకులందరికి అందుబాటులో నుంచవలెను. మన వివాహాచారములవలన ఒక్కొక్క సంఘమున ఒక్కొక్క రకము ప్రబలియుండును గనుక ఒక నగరపు వైద్యశాల లెక్కలు చాలవు. ఈ వైరస్‌ను జయించినవారి రక్తమును వారి సమ్మతితో సేకరించి గ్రాహకములను వెదకుటకు కాలేయవైద్యశాలలకు ప్రత్యేకధనము కేటాయింపవలెను. ప్రజాధనముతో కనుగొన్న గ్రాహకము ఏ కంపెనీ పెట్టెలోను తాళమువేయబడరాదు. కంపెనీ దానిని వాడుకొనదలచినచో వెలను గూర్చి ముందే ఒడంబడిక యుండవలెను. శాంతాకథ నుండి ఈ మాత్రము మనము నేర్చుకొనియుండవలసినది.

మన పాఠకులలో నొక మాట చెప్పి విరమింతుము. కాలేయపు కాన్సరునకు ఈ గ్రాహకచికిత్స పరీక్షాదశలో నున్నది. ఇల్లు చేరినవాని ఆశను సొమ్ము చేసికొనువారు అన్నిదేశములందును కలరు. పరీక్షాదశలోనున్న చికిత్సకు రోగివద్ద రుసుము గైకొనుట న్యాయము కాదు. 2019 నాటి నిబంధనల ప్రకారము పరీక్షలో హాని కలిగినచో రోగికే పరిహారము చెల్లింపవలసియుండును. మన దేశమున జరుగు ప్రతి వైద్యపరీక్షయు 2009 జూన్ మొదలుకొని జాతీయపట్టికలో ముందుగా నమోదు కావలసినదే; ఆ పట్టిక ఎవరైనను చూడవచ్చును. కావున ఎవరైనను మీ బంధువునకు ఈ చికిత్స చేయుదుమని వచ్చినచో, ముందు ఆ నమోదుసంఖ్య నడుగుడు. పిదప రోగి హెచ్.ఎల్.ఏ. రకమును పరీక్షించితిరా, వారి గ్రాహకమునకు అది యమరునా, అని యడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివారికి మాగాణి తాకట్టుపెట్టి సొమ్ము తెచ్చి యీయవలసిన పనిలేదు.